ఈస్ట్ లేని బ్రెడ్ ఎందుకు పొంగడం లేదు, ఎలా చేస్తే పొంగుతుంది

మీరు రాసిన దాన్ని బట్టి జరిగింది ఇది. ఈస్ట్ వాడకుండా ఇంట్లోనే బ్రెడ్ చేయాలని మైదా, పెరుగు, వంట సోడా, ఉప్పు కలిపి పది నిమిషాల పాటు బాగా పిసికారు. ముద్దను గంటసేపు మూత పెట్టి ఉంచి, ఆ తర్వాత ఓవెన్‌లో పెట్టారు. పైభాగం గట్టిగా బిరుసెక్కింది, లోపల పిండి పిండిగా, తడితడిగా ఉండిపోయింది, నాలుకకు సబ్బు రుచి తగిలింది. రెండోసారి సోడా రెట్టింపు చేశారు. బ్రెడ్ పొంగలేదు సరికదా, సబ్బు రుచి ఇంకా పెరిగింది.

మీరు పడిన శ్రమ అంతా ఈస్ట్ బ్రెడ్‌కు తగిన శ్రమ. పిసకడం, ఆగడం, ముద్ద ఉబ్బేదాకా ఎదురుచూడడం అక్కడ తప్పనిసరి. సోడాతో చేసే బ్రెడ్‌కు ఆ మూడూ హాని చేస్తాయి. కారణం తెలిస్తే కొలతలు కొంచెం అటూ ఇటూ అయినా మీరే సర్దుకోగలుగుతారు కాబట్టి, విధానం చెప్పే ముందు కారణం చెబుతాను.

ఈస్ట్ ప్రాణమున్న సూక్ష్మజీవి. అది పిండిలోని చక్కెరలను తింటూ గంటల తరబడి కొద్దికొద్దిగా కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. అంత నెమ్మదిగా పుట్టే వాయువును పట్టి ఉంచాలంటే పిండిలో సాగే గుణమున్న బలమైన గ్లూటెన్ (గోధుమలోని ప్రొటీన్ తడిసి ఏర్పడే జిగురు) అల్లిక కావాలి, ఆ అల్లిక కోసమే పిసుకుతాం. వంట సోడా, అంటే సోడియం బైకార్బనేట్, అలా పనిచేయదు. తడి, పులుపు తగిలిన క్షణం నుంచే అది వాయువును వదలడం మొదలుపెడుతుంది, అందులో పెద్ద భాగం మొదటి కొన్ని నిమిషాల్లోనే బయటికి వచ్చేస్తుంది. మీరు పిసికిన పది నిమిషాల్లో ఆ బుడగలు చాలావరకు చితికిపోయాయి. మిగిలినవి గంటసేపు ఆగినప్పుడు తప్పించుకున్నాయి. ఓవెన్‌లోకి వెళ్లేసరికి ముద్దలో పొంగించే శక్తి దాదాపు లేదు, ఉన్నదల్లా పిసకడం వల్ల బిగిసిపోయిన గ్లూటెన్. లోపల ముద్దగా, బయట బిరుసుగా రావడానికి ఇదే కారణం.

ఇక సబ్బు రుచి సంగతి. సోడాను పూర్తిగా విరగగొట్టడానికి దానికి సరిపడా ఆమ్లం ఉండాలి. ఆమ్లం చాలకపోతే మిగిలిన సోడా ఓవెన్ వేడికి విడిపోయి సోడియం కార్బనేట్‌గా మారుతుంది. అది సోడా కంటే ఘాటైన క్షారం. నాలుకకు సబ్బులా తగిలేది అదే, లోపలి భాగాన్ని పసుపు రంగుకు మార్చేదీ అదే. మీరు సోడాను రెట్టింపు చేసినప్పుడు పెరుగును పెంచలేదు, అందువల్ల పొంగు పెరగలేదు, మిగులు మాత్రమే పెరిగింది. పొంగు చాలలేదనిపించినప్పుడు సోడా డబ్బా వైపు చేయి వెళ్లడం సహజమే అయినా, చూడవలసింది పులుపు ఎంత ఉందన్నది.

లెక్క కష్టమైనది కాదు. ఒక కప్పు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల చిక్కని పుల్లటి మజ్జిగ దాదాపు అర టీస్పూను సోడాను విరగగొడుతుంది. పుల్లటి గట్టి పెరుగు ఇంకొంచెం ఎక్కువే భరిస్తుంది. నీళ్లు ఎక్కువ పోసి చిలికిన పలచటి మజ్జిగలో ఆమ్లం పలచబడి ఉంటుంది కాబట్టి అది ఈ పనికి చాలదు. అప్పుడే తోడుకున్న తియ్యటి పెరుగు కూడా చాలదు. దానికి ఒక టేబుల్‌స్పూను నిమ్మరసం గాని వెనిగర్ గాని చేరిస్తే లోటు తీరుతుంది. పెరుగు లేనివారు ఒక కప్పు కొలతలో ముందు ఒక టేబుల్‌స్పూను నిమ్మరసం పోసి, మిగతా కప్పును పాలతో నింపి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే పాలు కొద్దిగా విరిగి పనికొస్తాయి. సోయా పాలతోనూ ఇలాగే చేయవచ్చు.

మీ పెరుగు పులుపు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. గాజు గ్లాసులో రెండు చెంచాల పెరుగు వేసి, చిటికెడు సోడా చల్లి, ఒక్కసారి కలిపి పక్కనుంచి చూడండి. పులుపు తగినంత ఉంటే ఎనిమిది, పది క్షణాల్లో పెరుగు గుల్లబారి, గ్లాసు గోడ పక్కన ఆవగింజలంత బుడగలు వరసగా పైకి ఎక్కుతూ కనిపిస్తాయి, మట్టం కళ్లముందే లేస్తుంది. పైన నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే పెరుగు తియ్యగా ఉందనో, సోడా పాతదైందనో అర్థం. రెండింటిలో ఏది కారణమో తేల్చుకోవాలంటే అదే సోడాను కొంచెం వెనిగర్‌లో వేయండి. అక్కడ బుసబుసమని నురగ వస్తే సోడా బాగానే ఉంది, లోపం పెరుగుది.

పిండి విషయానికి వస్తే, ఈ బ్రెడ్‌కు ప్రొటీన్ తక్కువగా ఉన్న మెత్తటి పిండి మేలు. ఈస్ట్ బ్రెడ్ కోసం ప్రత్యేకంగా అమ్మే బలమైన పిండిలో ప్రొటీన్ 12 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది, దానితో చేస్తే సోడా బ్రెడ్ సాగుడుగా తయారవుతుంది. మామూలు మైదా చక్కగా సరిపోతుంది. సోడా బ్రెడ్ పంతొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్‌లో ఇంటింటి బ్రెడ్‌గా స్థిరపడడానికి ఒక కారణం కూడా ఇదే. అక్కడ పండే మెత్తటి గోధుమ ఈస్ట్ బ్రెడ్‌కు అంతగా అనుకూలించేది కాదు, సోడాకు మాత్రం సరిగ్గా సరిపోయింది. గోధుమపిండి వాడదలిస్తే మొదటిసారి సగం మైదా, సగం గోధుమపిండి తీసుకోండి. పొట్టు నీటిని ఎక్కువగా, అదీ ఆలస్యంగా పీల్చుకుంటుంది. అందువల్ల కలిపినప్పుడు జారుగా అనిపించిన ముద్ద కాసేపటికి బిగుస్తుంది. ఆ సగం గోధుమపిండికి ముప్పై, నలభై మిల్లీలీటర్ల నీరు అదనంగా పడుతుంది. మొత్తం గోధుమపిండితో చేసిన బ్రెడ్ రుచిలో ఏమీ తీసిపోదు కాని, ఎత్తు తక్కువగా, గట్టిగా వస్తుంది. దాన్ని లోపంగా భావించవలసిన పని లేదు.

ఇప్పుడు కొలతలు. ఒక మధ్యస్థమైన గుండ్రటి బ్రెడ్‌కు 450 గ్రాముల మైదా, తలకొట్టిన ఒక టీస్పూను వంట సోడా, ఒక టీస్పూను ఉప్పు, 350 గ్రాముల పుల్లటి గట్టి పెరుగు, ఒక టేబుల్‌స్పూను నిమ్మరసం, 40 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. ఇష్టమైతే ఒక టీస్పూను చక్కెర, 30 గ్రాముల కరిగించిన వెన్న చేర్చవచ్చు. వెన్న వేస్తే లోపలి భాగం మృదువుగా ఉండి, మర్నాటికి ఎండిపోవడం తగ్గుతుంది. టీస్పూనును కుప్పగా తీసుకోకండి, చాకు వెనకవైపుతో పైభాగాన్ని చదును చేయండి. ఈ వంటలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఆ చెంచా దగ్గరే.

మొదట ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి, కనీసం పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. పిండిని తడపక ముందే ఈ పని జరగాలి. పిండి కలిపాక ఓవెన్ వేడెక్కడం కోసం ఆగితే మీ గంటసేపటి నిరీక్షణ చేసిన నష్టమే చిన్న ఎత్తున మళ్లీ జరుగుతుంది. ట్రే మీద బేకింగ్ కాగితం పరిచి దగ్గర పెట్టుకోండి. మైదా, సోడా, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. సోడా ఉండలు జల్లెడలో మిగిలితే వేలితో నలిపి దింపండి, ఎందుకంటే ఒక్క చిన్న ఉండ మిగిలిపోయినా ముక్క కోసినప్పుడు ఆ చోట పసుపు మచ్చ, నోట్లో చేదు తగులుతాయి. పెరుగు, నిమ్మరసం, 40 మిల్లీలీటర్ల నీళ్లు, వెన్న వేరే గిన్నెలో ఉండలు లేకుండా గిలక్కొట్టుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పెరుగులో వెన్న పోస్తే గడ్డకడుతుంది కాబట్టి పెరుగు గది వేడికి వచ్చాక కలపండి.

ఇక్కడి నుంచి త్వరపడాలి. పిండి మధ్యలో గుంట చేసి పెరుగు మిశ్రమమంతా ఒకేసారి పోయండి. వేళ్లను కొంచెం వంచి, విడివిడిగా ఉంచి, గిన్నె అంచు నుంచి మధ్యలోకి గుండ్రంగా తిప్పుతూ కలపండి. చెక్క గరిటెతోనైనా సరే. పొడి పిండి కనబడకుండా పోగానే ఆపేయండి, దీనికి అర నిమిషం నుంచి నిమిషం లోపే పడుతుంది. అడుగున పొడి మిగిలితే తక్కిన నీళ్లు చెంచా చెంచాగా వేయండి. ఈ దశలో ముద్ద చపాతీ పిండిలా నున్నగా ఉండకూడదు. గరుకుగా, ఎగుడుదిగుడుగా, చేతికి అంటుకుంటూ ఉండాలి. నున్నగా చేయాలనే కోరికను గట్టిగా అదుపులో పెట్టుకోవలసిన చోటు ఇది. పొడిపిండి చల్లిన బల్ల మీదికి దాన్ని దించి, చేతులకు పిండి రాసుకుని, రెండు మూడుసార్లు అటూ ఇటూ సున్నితంగా తట్టి, సుమారు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా చేసి ట్రే మీదికి ఎత్తండి.

పదునైన చాకుకు పిండి రాసి, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా కూడిక గుర్తు ఆకారంలో లోతుగా గాటు పెట్టండి. ముద్ద ఎత్తులో సగం వరకు, అంటే దాదాపు రెండు సెంటీమీటర్లు చాకు దిగాలి. అందం కోసమే అని చాలామంది పైపైన గీస్తారు, అలా గీస్తే ప్రయోజనం ఉండదు. ఈ గాటు గుండా వేడి ముద్ద నడిమికి చేరుతుంది, పైపొర గట్టిపడ్డాక కూడా లోపలి భాగం విచ్చుకోవడానికి దారి దొరుకుతుంది. మీకు వచ్చిన తడి ముద్ద సమస్యలో సగం ఈ ఒక్క గాటుతోనే తగ్గుతుంది. పెరుగు మిశ్రమం పోసిన దగ్గర నుంచి ఓవెన్ తలుపు మూసేదాకా ఐదు నిమిషాలు దాటకుండా చూసుకోండి.

200 డిగ్రీల దగ్గర 35 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మొదటి ఇరవై ఐదు నిమిషాలు తలుపు తెరవవద్దు. పైన త్వరగా ఎర్రబడుతుంటే ఆ తర్వాత అల్యూమినియం రేకు కప్పి, వేడిని 180కి తగ్గించి కొనసాగించండి. ఉడికిందా లేదా అనేది రంగును బట్టి నిర్ణయించవద్దు. క్షారగుణం మిగిలిన ముద్ద లోపల ఉడకకముందే పైన ముదురు రంగుకు తిరుగుతుంది, కనుక రంగు మోసం చేస్తుంది. బ్రెడ్‌ను గుడ్డతో పట్టుకుని తిరగేసి అడుగున వేలి కణుపుతో తట్టండి. డొల్లగా మోగితే అయినట్టే, మందంగా చప్పుడైతే ఇంకో ఐదారు నిమిషాలు కావాలి. గుచ్చే థర్మామీటరు ఉంటే నడిమి భాగంలో 93 నుంచి 96 డిగ్రీలు చూపించాలి. గాటులు కలిసే చోట గుచ్చిన పుల్లకు తడి పిండి అంటకూడదు.

తీసిన వెంటనే తీగల స్టాండు మీద పెట్టండి. ట్రేలోనే వదిలేస్తే అడుగున ఆవిరి చెమ్మగా పట్టి మెత్తబడుతుంది. పైపొర మృదువుగా ఉండాలంటే పలచటి శుభ్రమైన గుడ్డ చుట్టండి, కరకరలాడాలంటే చుట్టకండి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కోయాలి. వేడిగా ఉన్నప్పుడు లోపలి పిండిపదార్థం ఇంకా గట్టిపడి ఉండదు, తేమ కూడా సర్దుకుని ఉండదు. అప్పుడు కోస్తే సరిగ్గా ఉడికిన బ్రెడ్ కూడా చాకుకు జిగురుగా అంటుకుని, పచ్చిగా ఉందనే అనుమానం కలిగిస్తుంది.

బేకింగ్ పౌడర్ సంగతి అడగలేదు కాని, పెరుగు పులుపుతో ప్రతిసారీ లెక్క చూసుకోవడం ఇష్టం లేనివారికి అది మంచి దారి. అందులో సోడాతోపాటు దానికి తగిన పొడి ఆమ్లం, ఆ రెండూ ముందే కలవకుండా తేమను పీల్చే పిండిపదార్థం ఉంటాయి. 1843లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ దీన్ని తయారుచేసింది ఈస్ట్ పడని తన భార్య కోసమే. అంటే ఈస్ట్ లేని బ్రెడ్ అన్న అవసరం నుంచే ఈ పొడి పుట్టింది. ఇప్పుడు దొరికే పౌడర్లు ఎక్కువగా రెండు విడతల్లో పనిచేస్తాయి. కొంత వాయువు తడి తగలగానే, మిగతాది ఓవెన్ వేడి తగిలాక వస్తుంది. అందువల్ల పది, పదిహేను నిమిషాల ఆలస్యాన్ని అవి తట్టుకుంటాయి. 450 గ్రాముల మైదాకు నాలుగు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, 300 మిల్లీలీటర్ల పాలు సరిపోతాయి, ఇందులో సోడా గాని నిమ్మరసం గాని వేయనక్కరలేదు. పెరుగు రుచి కూడా కావాలనుకుంటే పై కొలతల్లో సోడాను అర టీస్పూనుకు తగ్గించి, నిమ్మరసం మానేసి, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ చేర్చండి. మొదటి ప్రయత్నంలో నమ్మకం కుదరాలంటే ఈ మధ్యేమార్గాన్నే సూచిస్తాను. రుచి విషయానికి వస్తే, నేను పుల్లటి పెరుగు, సోడా కలయికనే ఎంచుకుంటాను. ఆ కమ్మటి పులుపు పాలు, పౌడర్‌తో రాదు. పౌడర్ పాతబడిందో లేదో చూడాలంటే అర టీస్పూను పొడి మీద వేడినీళ్లు పోయండి. జోరుగా నురగ కట్టకపోతే వాడకండి. డబ్బాలోకి తడి చెంచా పెట్టకూడదు.

ఓవెన్ లేనివారు ఇదే ముద్దను రెండు సెంటీమీటర్ల మందాన గుండ్రంగా తట్టి, నాలుగు భాగాలుగా కోసి, మందపాటి పెనం మీద చేసుకోవచ్చు. పెనాన్ని ముందుగా వేడిచేసి, మంట బాగా తగ్గించి, కొద్దిగా పొడిపిండి చల్లి ముక్కలు పేర్చి మూత పెట్టండి. ఒక్కో వైపు ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. చివర్లో కోసిన అంచులను కూడా ఒక్కో నిమిషం పెనానికి ఆనించండి, అక్కడే పచ్చిదనం మిగులుతుంది. మంట ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉండడం ఖాయం, కాబట్టి ఓపిక అవసరమైన ఒకే ఒక్క చోటు ఇది.

గింజలు, ఎండు ద్రాక్ష, జీలకర్ర, తరిగిన మూలికలు ఏవైనా పొడిపిండిలోనే కలపండి, ముద్ద అయ్యాక కలపబోతే మళ్లీ పిసకవలసి వస్తుంది. పొద్దుతిరుగుడు గింజలు వేస్తే మాత్రం మర్నాడు వాటి చుట్టూ ఆకుపచ్చ రంగు కనిపించవచ్చు. గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం క్షారంతో కలిసి ఆ రంగుకు తిరుగుతుంది. అది బూజు కాదు, తినవచ్చు. అయితే రంగు మరీ ముదురుగా ఉంటే మీ ముద్దలో సోడా మిగిలిపోతోందనడానికి అదొక గుర్తు.

మీరు ఈస్ట్ మానడానికి కారణం రాయలేదు. ఇంట్లో ఈస్ట్ అందుబాటులో లేకపోవడమే కారణమైతే ఏ ఇబ్బందీ లేదు. ఈస్ట్ పడకపోవడం వల్ల వైద్యులు మానమని ఉంటే మాత్రం ఒక విషయంలో జాగ్రత్త పడండి. పిండి, నీళ్లు రోజుల తరబడి పులియబెట్టి చేసే సోర్‌డో బ్రెడ్‌ను ఈస్ట్ లేని బ్రెడ్‌గా చెబుతుంటారు. అందులో కొన్న ఈస్ట్ ఉండదు, నిజమే. కాని ఆ పులిసిన పిండిలో లాక్టిక్ బ్యాక్టీరియాతోపాటు సహజంగా పెరిగిన ఈస్ట్ పుష్కలంగా ఉంటుంది, దాన్ని పొంగించేది అదే. బీరు పోసి చేసే బ్రెడ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సోడాతోగాని బేకింగ్ పౌడర్‌తోగాని చేసినదానికి పొంగు పూర్తిగా రసాయన చర్య వల్లే వస్తుంది.

ఈ బ్రెడ్ చేసిన రోజునే అన్నిటికంటే బాగుంటుంది. గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే రెండో రోజు కూడా బాగానే ఉంటుంది కాని, అప్పుడు కాల్చుకుని తినడం మేలు. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, ఆ చల్లదనంలో పిండిపదార్థం తిరిగి బిగుసుకుని బ్రెడ్ గది వేడిలో కంటే త్వరగా గట్టిపడుతుంది. ఎక్కువ రోజులు ఉంచాలంటే పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, గాలి చొరబడని సంచిలో ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు ముక్కలను కరగనివ్వకుండా అలాగే టోస్టర్‌లోనో పెనం మీదో కాల్చుకోవచ్చు. మొదటిసారి పై కొలతల్లో సగంతో చేసి చూడండి. చిన్న ముద్ద 25 నుంచి 30 నిమిషాల్లోనే ఉడుకుతుంది, నడిమి భాగం తడిగా మిగిలే అవకాశం కూడా తక్కువ. అప్పటికీ సబ్బు రుచి వస్తే మీ పెరుగు ఎంత పుల్లగా ఉందో, సోడాను ఏ చెంచాతో కొలిచారో రాయండి, ఆ రెండూ తెలిస్తే ఎంత తగ్గించాలో చెప్పగలను.